ఆవిరి దాటితేనే కరెంటు

నాంచారమ్మకి కావలసింది ఒక్కటే, మూడు ఫేజుల కరెంటు. అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు. చంద్రుడి మీద జాగా అడగలేదు, మంత్రిగారి పక్కన కుర్చీ అడగలేదు. రావులకొండ కూరగాయల మార్కెట్ వెనక చిన్న గది అద్దెకు తీసుకుని, అందులో కారం మర బిగించుకుని, దానికి కరెంటిమ్మని ఆఫీసుకి వెళ్లింది. పాపం, వెళ్లిన వేళ బాగాలేదు. సరిగ్గా ముందు వారమే ప్రభుత్వం సాంకేతిక చరిత్రని గాడిలో పెట్టాలని నిశ్చయించుకుంది.

ఆ సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు కదలదు. రాజధానిలో సాంకేతిక విజయాల మీద పెద్ద సభ ఒకటి జరిగింది. సూటు వేసుకున్న ఉపన్యాసకుడు ఒకాయన లేచి, మన జనం తీగ ఫోను మొహం కూడా చూడకుండా ఏకంగా సెల్‌ఫోనులోకి దూకేశారని, ఇంత పెద్ద గెంతు ఇంకెవరూ గెంతలేదని ఊగిపోతూ చెప్పాడు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఉన్న సాంకేతిక శాఖ కార్యదర్శిగారు మాత్రం చేతులు కదపలేదు. ఆయన్ని కాదని ఆయన జూనియర్‌కి పై పోస్టు కట్టబెట్టి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. గెంతు అన్న మాట వింటేనే ఆయనకి కడుపు భగ్గుమంటోంది. కింది పోస్టులో పనిచేయకుండా పై పోస్టులోకి ఎగబాకితే చప్పట్లా, ఇది ఏ నిబంధన కింద చెల్లుతుందని పక్కాయన్ని అడిగారు. పక్కాయన నిద్రలో ఉన్నాడు. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు గనక జీవో తయారైంది.

జీవో సారాంశం ఇది: తక్షణ దిగువ సాంకేతికతలో సంతృప్తికరమైన సేవ పూర్తిచేయని ఏ పౌరుడూ ఎగువ సాంకేతికతకు అర్హుడు కాజాలడు. అంటే, టెలిగ్రాములో సర్వీసు చేయనివాడికి టెలిఫోను లేదు. లాంతరులో ప్రొబేషన్ కానివాడికి బల్బు లేదు. మర్నాడు పత్రికలన్నీ దీన్ని సాంకేతిక చరిత్రలో మైలురాయి అని రాశాయి. టీవీల్లో నిపుణులు కూర్చుని, ప్రపంచంలో ఏ దేశమూ చరిత్రని ఇంత క్రమశిక్షణతో నడిపించలేదని చెప్పారు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

కరెంటాఫీసులో ఏ.ఈ. భాస్కరం ఆమె కాగితాలన్నీ తిప్పి చూశాడు. భాస్కరం చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే ఆమె పని కాస్త తొందరగా అయ్యేది. నెమ్మదస్తుడు, జీవో చదివి అర్థం చేసుకుని, అర్థమైనందుకు లోపల్లోపల బాధపడేవాడు.

"మీ అప్లికేషన్‌లో లోపమేం లేదమ్మా. మీ చరిత్రలో ఉంది," అన్నాడు.

గోడ మీద కొత్తగా అంటించిన సీనియారిటీ పట్టిక చూపించాడు. పిండి, కారం వగైరా విసురుట అనే శీర్షిక కింద వరసగా ఉన్నాయి: రోలు, తిరగలి, ఎద్దు, నీటిచక్రం, ఆవిరి యంత్రం, ఆయిలింజను, చిట్టచివర ఎలక్ట్రిక్ మోటారు. ఆమె అడుగుతున్నది చివరి పోస్టు. కింది పోస్టుల్లో ఆమెకి ఒక్కరోజు సర్వీసు కూడా దాఖలాలో లేదు.

"రోలు నాకు తెలీకపోవటమేంది సారూ. పుట్టిందగ్గర్నుంచి దంచుతానే ఉన్నా."

"దంచి ఉంటారు. అది ప్రైవేటు సర్వీసు. లెక్కలోకి రాదు."

నాంచారమ్మకి ఒళ్లు మండింది గానీ తమాయించుకుంది. తమాయించుకోవడం ఆమెకి అలవాటే. పెళ్లయిన కొత్త నుంచి జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చేదాకా ఇంకొకరి మిల్లులో మిరపకాయలు పోస్తూ బతికింది. ఆ మిల్లు యజమాని ఆమెతో బస్తాలు మోయించేవాడు, జల్లెడ పట్టించేవాడు, మర కడిగించేవాడు, స్విచ్చి మీద మాత్రం చెయ్యి పడనిచ్చేవాడు కాదు. అది ఆడవాళ్లు ముట్టేది కాదనేవాడు. ఆయన పోయాక కొడుకులు మిల్లు ఎత్తేశారు. ఆ రోజే నాంచారమ్మ సొంత మర పెట్టాలని, తన చేత్తో తనే స్విచ్చి వెయ్యాలని అనుకుంది. మర కొన్నది, గది దొరికింది. గది యజమాని మాత్రం ఆవకాయల సీజను అయ్యేలోపు మర తిరక్కపోతే గదిని సెల్‌ఫోన్ల కొట్టుకి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు. అప్పటికి మాఘం వెళ్లిపోతోంది. కాబట్టి ఆమె కోపాన్ని కొంగున కట్టుకుని రోలు వెతుక్కుంటూ ఇంటికి వెళ్లింది.

పరిశీలక సంఘం వచ్చింది. అందులో భాస్కరం, డిగ్రీ కాలేజీ చరిత్ర లెక్చరరు, ఒక ఫొటోగ్రాఫరు ఉన్నారు. నాంచారమ్మ పెరట్లో రోలు ముందు నిలబడి ఎండుమిరపకాయలు దంచడం మొదలుపెట్టింది. ఘాటు లేచింది. పర్యవేక్షణంతా కళ్లు తుడుచుకుంటూ, ముక్కులు చీదుకుంటూ సాగింది. లెక్చరరు తుమ్ముల మధ్యలో రాసిన నివేదికలో, అభ్యర్థినికి లయ ఉంది గానీ ఆ యుగానికి తగినంత అలసట కనబడుట లేదు అని ఉంది. ఆమె మొగుడు ఏడుకొండలు పక్కకి పిలిచి, కాస్త సొమ్మసిల్లినట్టు కూలబడితే పోయేదేముందని చెవిలో చెప్పాడు. రెండో విడత పరిశీలనలో ఆమె నాలుగు పోట్లు వేసి గోడకి చేరగిలబడింది. సంతృప్తికరం అని రాశారు. దంచిన కారమంతా నాణ్యతా పరీక్షల నిమిత్తం సభ్యులు పంచుకుని పట్టుకెళ్లారు. మూడో రోజు లెక్చరరు గారింటి నుంచి, పరీక్షకి ఇంకొంచెం కావాలని గిన్నె వచ్చింది.

తిరగలి తేలిగ్గానే గడిచింది. ఎద్దు విషయంలో కొంచెం పేచీ వచ్చింది. గానుగ ఆడించే వాళ్ల దగ్గర ఎద్దుని అడిగి తెచ్చి తిప్పుతుంటే, ఆ ఎద్దుకి ఇంతవరకూ నూనె గింజల్లోనే అనుభవం ఉంది, కారంలో లేదు కదా అని లెక్చరరు సందేహం లేవదీశాడు. డెప్యుటేషన్ మీద వచ్చినట్టు చూపిద్దామని భాస్కరం సర్దాడు. ఎద్దు ఈ చర్చంతా వింటూ ఆరేసిన గోనెసంచి తినేసింది.

నీటిచక్రం దగ్గర నిజంగానే బండి ఆగింది. రావులకొండలో పారే నీళ్లు లేవు. సాగరు కాలువకి నీళ్లు కట్టేసి ఎన్నాళ్లో అయింది. కాలువ వదిలేదాకా ఆగాలంటే ఆవకాయలు కాదు, వచ్చే ఏటి చింతకాయలు కూడా వచ్చేస్తాయి. భాస్కరం రెండ్రోజులు ఆలోచించి మునిసిపాలిటీ వాళ్లతో మాట్లాడాడు. వీధికి తాగునీళ్లు తెచ్చే ట్యాంకరుని గది ముందు ఆపి, గొట్టం ఎత్తి పట్టి చెక్క చక్రం మీద నీళ్లు వదిలారు. చక్రం తిరిగింది. చక్రం కింద వీధి ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. కారం నలిగింది, బిందెలు నిండాయి. ఈ పథకం వల్ల ఒకే నీటితో రెండు శాఖల లక్ష్యాలు నెరవేరాయని కలెక్టరు గారు ప్రకటన ఇచ్చారు. ఆ పూట ఆ వీధిలో పప్పు కొంచెం ఘాటుగా ఉడికింది.

ఈలోగా జీవో కరెంటాఫీసు గుమ్మం దాటి ఊరంతా తిరగసాగింది. బ్యాంకులో డబ్బు తీసే మిషను దగ్గర కాపలావాడు, ధాన్యం ఇచ్చి ఉప్పు పుచ్చుకున్న అనుభవం ఉందా అని అడుగుతున్నాడు. హైస్కూలు పిల్లలు కంప్యూటరు గదిలో తాటాకులు ముందేసుకుని గంటం కోసం కొట్టుకుంటున్నారు. పెద్దాసుపత్రిలో స్కానింగుకి వచ్చినవాళ్లని ముందు నాడి చూపించుకుని రమ్మన్నారు. నాడి చూడ్డం వచ్చినవాడు దొరికేలోపు కొందరికి జబ్బు దానంతటదే తగ్గింది, ఇంకొందరికి ఏ పరీక్షా అవసరం లేకుండా పోయింది. సాయంత్రం వార్తల్లో ఏ జిల్లా ఏ శతాబ్దానికి చేరిందో చెప్పేవారు. పక్క జిల్లా పదిహేడో శతాబ్దంలో అడుగుపెట్టిందని విని మన కలెక్టరు గారికి ఆ రాత్రి అన్నం సహించలేదట.

ఇక ఆవిరి యంత్రం. అది ఈ కాలంలో ఎక్కడ దొరుకుతుంది? భాస్కరం చుట్టుపక్కల నాలుగు ఊళ్లు గాలించగా, రోడ్ల శాఖ షెడ్డు వెనక బొగ్గుతో నడిచే పాత రోడ్డు రోలరు కనబడింది. దాని పొగగొట్టంలో గోరింకలు గూడు పెట్టుకున్నాయి, చక్రాల చుట్టూ జిల్లేళ్లు మొలిచాయి. దాన్ని రుద్ది, నూనె పోసి, రైల్వేలో రిటైరైన ముసలాయన్ని పిలిపించి నిప్పు పెట్టించారు. రోలరు గుక్కపట్టి, దగ్గి, కదిలింది. మార్కెట్ వీధిలో రెండు అరుగులు పిండి చేసి గది ముందుకు వచ్చి నిలబడింది. పెద్ద చక్రానికి బెల్టు వేసి ఇవతల మరకి తగిలించారు. జిల్లా ఆవిరి యుగంలోకి ప్రవేశిస్తున్న శుభవేళ కాబట్టి కార్యదర్శిగారు స్వయంగా వచ్చారు.

మర తిరిగింది. ఊరు ఊరంతా కేరింతలు కొట్టింది. సరిగ్గా అప్పుడే ఎక్కడో బిరడా వదులై ఆవిరి బుస్సున చిమ్మి, నాంచారమ్మ కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. ఏడుకొండలు ఏడుస్తూ చేతికి అరటిబోదె రసం పిండాడు. ఆమె పళ్లు బిగబట్టి, ఎడం చేత్తో మిరపకాయలు పోస్తూ ఆ వాయి పూర్తిచేసింది. మధ్యలో ఆపితే సర్వీసు పోతుందేమోనని ఆమె భయం.

కార్యదర్శిగారు ఆమె దగ్గరికి వచ్చారు. సభలో చదవాల్సిన ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

"అమ్మా, నువ్వు ఎవర్నీ దాటి పైకి రాలేదు. ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చావు. ఈ రోజుల్లో అది ఎంత గొప్పో నీకు తెలియదు."

కరెంటెప్పుడు ఇస్తారు బాబూ అని ఆమె అడిగింది. ఇంకెంత, ఆయిలింజను ఒక్కటే మిగిలిందని ఆయన కళ్లొత్తుకున్నారు. మర్నాడు పేపర్లో ఆమె ఫొటో పడింది, కింద ఆవిరి దాటిన తొలి మహిళ అని రాసి ఉంది. నాంచారమ్మ దాన్ని గాజు పటం కట్టించి గదిలో తగిలించింది. నిజం చెప్పుకోవాలంటే ఆ పటం తగిలించిన దగ్గర్నుంచీ ఆమె నడకే మారింది. కూరలమ్మే ఆడవాళ్లు కుశలం అడిగితే కాలిన చెయ్యి చూపించి, ఆవిరి మాటలు కాదమ్మా అని గంభీరంగా చెప్పేది. జీవోని తిట్టడం మానేసింది. ఎవరన్నా తిడితే ఊరుకునేది కాదు. మరి అంత కష్టపడి ఎక్కిన మెట్లని ఎవరో వచ్చి దండగమారి మెట్లంటే ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆయిలింజను తెచ్చి బిగించి, ఇన్నాళ్లు నడపాలని గడువు పెట్టారు. ఊళ్లోకి మామిడికాయలు దిగాయి. అది పొగ చిమ్ముతూ, పూటకోసారి మొరాయిస్తూ తిరుగుతుండగా రాజధానిలో ఒక చిక్కొచ్చిపడింది. మంత్రిగారు కొత్త సెల్‌ఫోను కొనుక్కున్నారు. దాన్ని వాడాలంటే తీగ ఫోనులో సర్వీసుండాలి, తీగ ఫోనుకి టెలిగ్రాములో సర్వీసుండాలి. దేశంలో టెలిగ్రాములు ఎత్తేసి ఏళ్లయింది. లేని పోస్టులో సర్వీసు ఎలా చేస్తారు? కార్యదర్శిగారు ఫైలు మీద, మంత్రిగారు పావురాలతో ఆరంభించి వేచియుండవచ్చును అని రాశారు. సాయంత్రానికి జీవో రద్దయింది, కార్యదర్శిగారిని ఫైళ్లు లేని గదిలో కూర్చోబెట్టారు. ఎవరికి ఏ యంత్రం కావాలన్నా అడిగిన రోజే ఇవ్వాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. టీవీలో ఆ నిపుణులే కూర్చుని, చరిత్ర సంకెళ్లు తెగిపోయాయని చెప్పారు.

భాస్కరం లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి నాంచారమ్మ గదికి కరెంటిచ్చాడు. సీజను ఇంకా సగం కూడా కాలేదు. మరకి బొట్టు పెట్టి, హారతిచ్చి, కాలిన చేత్తోనే ఆమె స్విచ్చి వేసింది. మర ఝుమ్మని తిరిగింది. ఇన్నేళ్ల కోరిక కదా, నాంచారమ్మకి కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఏడుకొండలు చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ పూట ఆమె అంత సంతోషంగా ఉన్న మనిషి రావులకొండలో ఇంకొకరు లేరు.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా ఉంది. మధ్యాహ్నం పక్కగదిలోంచి కూడా ఝుమ్మని చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే, ప్లాస్టిక్ బిందెలమ్ముకునే గోవర్ధనం. పొద్దున అప్లికేషనిచ్చాడట, పదకొండింటికి మీటరొచ్చిందట, భోజనం చేసి వచ్చి మర తిప్పుతున్నాడు. బిందెలు పక్కకి నెట్టేసి, గుమ్మానికి బోర్డు కూడా కట్టాడు. రా వదినా, మనిద్దరం ఇక తోటివాళ్లమే అని నవ్వుతూ పలకరించాడు. ఆ మాటలో చెడు ఏమీ లేదు. ఆమెకి మాత్రం కాలిన చెయ్యి మళ్లీ కాలినట్టయింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. వచ్చే గిరాకీ ఇద్దరికీ సరిపోతుందని, మనకి కరెంటొచ్చాక ఆయనకి వస్తే మనకేం నష్టమని ఏడుకొండలు నచ్చజెప్పబోయాడు.

"నష్టం సంగతి కాదు. ఆయన రోలు మొహమన్నా చూశాడా? ఎద్దుని తోలాడా? నా చెయ్యి ఉడికింది ఇందుకా?" అంది నాంచారమ్మ.

మర్నాడు భాస్కరం దగ్గరికి వెళ్లి అర్జీ రాసిపెట్టమంది. వెనకటి పద్ధతి మళ్లీ పెట్టాలని, మెట్లెక్కకుండా వచ్చినవాళ్లకి కరెంటు ఉండకూడదని రాయమంది. భాస్కరం కలం మూసి, బాగా ఆలోచించుకోండమ్మా, ఇటువంటివి అడిగినంత తేలిగ్గా ఆగవు అని బతిమాలాడు. ఆమె వినలేదు. బజార్లో దస్తావేజులు రాసేవాడి చేత రాయించి, పొద్దున బస్సుకి రాజధాని వెళ్లి, ఫైళ్లు లేని గదిలో కూర్చున్న కార్యదర్శిగారి చేతికిచ్చింది. ఆయన చదువుకుని, లేచి నిలబడి, ఆమెకి చేతులు జోడించారు. తనని ఇంతకాలానికి ఒక్క మనిషి అర్థం చేసుకుందని చెప్పి, ఆ అర్జీ పట్టుకుని మంత్రిగారి గదిలోకి వెళ్లారు.

మంత్రిగారికి ఫోను ఉంటే చాలు. రద్దయిన పోస్టుల విషయంలో మంత్రులకు మినహాయింపు అని ఒక వాక్యం కలిపాక ఆయనకి ఏ అభ్యంతరమూ లేకపోయింది. ప్రజల నుండి వెల్లువెత్తిన విజ్ఞప్తుల దృష్ట్యా జీవోని పునరుద్ధరించడమైనది అని వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. వెల్లువెత్తింది నాంచారమ్మ ఒక్కతే అయినా, అంత దూరం బస్సులో వెళ్లింది కాబట్టి దాన్ని వెల్లువ అనడంలో తప్పులేదు.

ఉత్తర్వు వచ్చిన పొద్దున ఆమె గది ముందు ఆడవాళ్లు మిరపకాయల డబ్బాలతో బారులు తీరి ఉన్నారు. ఆవకాయలకి అసలు అదను అదే. మర నిండుగా తిరుగుతోంది. అప్పుడు భాస్కరం వచ్చాడు. వెనకాల లైన్‌మన్ నిచ్చెన మోసుకొచ్చి గోడకి ఆనించాడు. భాస్కరం ఆమె మొహం చూడలేక మర వైపు చూస్తూ సంగతి చెప్పాడు. జీవో లేని వారంలో ఎవరికి ఏ కరెంటు ఇచ్చినా చెల్లదు, తీసెయ్యాలి.

"నేను ఆవిరి దాటినదాన్ని గదా సారూ. నాది గూడానా?"

"ఆయిలింజనులో గడువు నిండకముందే కరెంటు వాడారమ్మా. దాన్ని సర్వీస్ బ్రేక్ అంటారు. వెనకటిదంతా కొట్టేశారు. మళ్లీ రోలు దగ్గర్నుంచి రావాలి."

బారులో ఉన్న ఆడవాళ్లు డబ్బాలు చంకనెత్తుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడుకొండలు వచ్చి, గది పోతుందే, సారు కాళ్లన్నా పట్టుకో అన్నాడు. ఆమె తిరుగుతున్న మర వైపు చూసింది. దాని మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత అడిగింది.

"గోవర్ధనంది?"

"ముందు ఆయనదే తీశామమ్మా."

ఆమె చెయ్యెత్తి అందర్నీ ఉష్షుమంది. తన మర ఆపి, పక్కగది వైపు చెవి పెట్టి వింది. అక్కడ ఏ చప్పుడూ లేదు. గోవర్ధనం బిందెలు మళ్లీ ముందుకు సర్దుకుంటున్నాడు.

"అయితే తీసెయ్యండి," అని, లైన్‌మన్ ఎక్కుతుంటే కదలకుండా నిచ్చెన తనే పట్టుకుంది.